మూలరేవు ఫిలిప్పీన్ పాఠక లోకం

మా మూలరేవులో అబద్ధాలాడేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ వాళ్లంతా అవసరానికి ఆడతారు. సరదాకి ఆడేవాణ్ని నేనొక్కణ్నే. పేరు తవుడు. ఆటో తోలతాను. ఒకసారి గాలివానకి నా ఆటో లేచి, సముద్రం మీదుగా పోయి ఓడ మీద దిగింది. కెప్టెను టీ ఇచ్చి, గాలి తిరిగాక మళ్లీ ఎక్కించి పంపాడు. ఇది ఎవరూ నమ్మరు. ఇప్పుడు చెప్పబోయేదీ నమ్మరు. కాకపోతే ఇది ప్రభుత్వం చేసిన పని కాబట్టి, కల్పించే శ్రమ నాకు లేకుండా పోయింది.

మా వీధిలో నూకరాజు అని ఓడలో వంటవాడున్నాడు. మనీలా రేవులో ఉప్పు కొనడానికి దిగినవాడు పెళ్లాంతో ఓడెక్కాడు. ఆ అమ్మాయి పేరు మారిసెల్. ఇక్కడికొచ్చి రెండేళ్లయింది. తెలుగు అత్తగారి దగ్గర నేర్చుకుంది. అత్తగారు ఎర్రయ్యమ్మ సంతలో ఎండు చేపలమ్ముతుంది. ఆవిడ ఒడ్డున నిలబడి కేకేస్తే వేటకెళ్లిన పడవలు వెనక్కి తిరుగుతాయి. అందువల్ల మారిసెల్ మాట్లాడుతుంటే, కళ్లు మూసుకున్నవాడికి అచ్చం ఎర్రయ్యమ్మే వినిపిస్తుంది. చదవడం మాత్రం సినిమా పోస్టర్ల మీదా, ఆటోల వెనకాలా చూసి నేర్చుకుంది. నాకు అక్షరం ముక్క రాదు. నా ఆటో వెనకాల ఏం రాసి ఉందో ఆ అమ్మాయి చెబితేనే నాకు తెలిసింది.

ఓ రోజు ఏడో నెల కడుపుతో వచ్చి నా ఆటో ఎక్కింది.

"తవుడన్నియ్యా, లైబ్రరీకి బేగి పోనీ."

"ఏటమ్మా, ఈ కడుపుతో పుస్తకాలేటి?"

"కడుపుతో ఉన్నాను గాబట్టే. బిడ్డని ఎలా పెంచాలో పుస్తకం కావాల. బిడ్డ పుట్టగానే దాని పొట్టకి గుడ్డ బిగించి కట్టాలని మాయమ్మ ఫోన్లో ఒకటే గోల. గుడ్డ కడితే ఊరుకోను, ఆముదం రాయాలని మా అత్త. ఇద్దరూ నా ఫోన్లోనే కొట్టుకుంతన్నారు. ఒకలి బాస ఒకలికి రాదు గదా, అత్త తిట్లు అమ్మకీ అమ్మ తిట్లు అత్తకీ నానే మార్చి సెప్పాల."

నేను నవ్వాను.

"నవ్వకన్నియ్యా. ఆయన సూత్తే ఓడ మీదున్నాడు. మాయమ్మ సముద్రానికి అవతలుంది. నాకు బిడ్డని ఎత్తుకోడం కూడా రాదు. బయ్యమేత్తంది. ఫోన్లో ఎతికితే ప్రతి దానికీ సచ్చిపోతావంటాది. పుస్తకమైతే ఎవులి వైపూ ఉండదు గదా?"

ఇక నవ్వలేదు. ఆటో ఎలా లగెత్తించానంటే, దారిలో నా నీడ వెనకబడిపోయి, లైబ్రరీ దగ్గర కాసేపాగితే గానీ వచ్చి కలవలేదు.

లైబ్రేరియన్ దమయంతి గారు మంచి మనిషి. వినీ వినగానే బీరువాలోంచి ఓ పాత పుస్తకం తీశారు. ఎవరో డాక్టరు గారు రాసింది. అట్ట మీద బోసి నోటి బిడ్డ. ముద్ర వేయడానికి చెయ్యెత్తారు. సరిగ్గా అప్పుడే గుమ్మం ముందు జీపు ఆగి, "ముద్ర ఆపండి!" అని కేక వినబడింది.

దిగినాయన ప్రత్యేకాధికారి వైకుంఠరావు గారు. ఆయన మామూలుగా మాట్లాడగా ఎవరూ వినలేదు. దాహం వేసినా "జలము విషయమై తగు చర్య తీసుకోవలెను" అంటారు. పెళ్లి కాలేదు. సంబంధం పరిశీలనలో ఉండగానే జుట్టు తెల్లబడిపోయింది.

"మన రాష్ట్రానికీ ఫిలిప్పీన్స్ దేశానికీ స్నేహం కుదిరిన శుభ సందర్భమున, ప్రతి గ్రంథాలయమునందూ ఫిలిప్పీన్ పాఠకులకు సిఫారసు చేయదగిన కాల్పనికేతర గ్రంథములతో ఒక బీరువా నెలకొల్పవలెనని పైనుంచి ఉత్తర్వు" అన్నారాయన. "దమయంతి గారూ, జిల్లాలో ఫిలిప్పీన్ పాఠకులెందరు?"

"ఈవిడొక్కతేనండి."

వైకుంఠరావు గారు మారిసెల్‌ని పైనుంచి కిందకి చూసి, రెండు చేతులూ జోడించారు. "అనగా జిల్లాలోని ఫిలిప్పీన్ పాఠక లోకం సమస్తమూ మన ఎదుటే నిలబడి ఉన్నది! పాఠక లోకానికి కుర్చీ వేయండి."

గుమాస్తా సన్యాసిరావు పరిగెత్తుకెళ్లి కుర్చీ తెచ్చాడు. పాఠక లోకం ఆయాసపడుతూ కూర్చుంది.

నాకు ఊరుకోవడం చాతకాదు కదా. "అయ్యా, కాల్పనికేతరం అంతే ఏటండీ?" అన్నాను.

"కల్పన కానిది. ఆసాంతమూ నిజమైనది."

"పుస్తకాల్లో అలాటివి కూడా ఉంటాయేటండీ?"

వైకుంఠరావు గారు గిరుక్కున వెనక్కి తిరిగారు. బీరువాల వంక చూశారు. నుదుట చెమట పట్టింది. "నిజమే సుమా! ఇవి నిజమని ఎవరు నిర్ధారించారు? నిర్ధారణ కాని నిజాన్ని విదేశీయులకు సిఫారసు చేసి, రేపు అది అబద్ధమని తేలితే దేశ గౌరవం ఏమగును?"

"మరి మావోళ్లకి ఇన్నాళ్లూ ఇచ్చినారు గదండీ?"

"స్వదేశీయులు దేన్నీ నమ్మకుండా చదువుతారు. వారికి ప్రమాదం లేదు."

అప్పటికప్పుడు సత్యనిర్ధారణ సంఘం ఏర్పడింది. ఆయన అధ్యక్షుడు, దమయంతి గారూ సన్యాసిరావూ సభ్యులు. పుస్తకాల ప్రభావం సోకని నిష్పాక్షిక సాక్షి ఒకడు కావాలన్నారు. ఊరంతటికీ చదువు రానివాణ్ని నేనే కాబట్టి ఆ పదవి నాకిచ్చారు. మూలరేవులో నిజానికి నేను సాక్షినని తెలిసి మా ఆవిడ నవ్వీ నవ్వీ మంచానపడింది.

"బావూ," అంది మారిసెల్, బాబుని మా వైపు పలికినట్టే, "నా పుస్తకం ముందు తేల్సీండి. నాకట్టే టైము నేదు."

"పాఠక లోకం ఓర్పు వహించాలి. క్రమం ప్రకారం వస్తాం" అని వైకుంఠరావు గారు బోసి నోటి పుస్తకాన్ని తన సంచీలో పెట్టుకున్నారు. ఆ సంచీ ఆయన పడుకున్నప్పుడు కూడా తల కిందే ఉండేది. దొంగచాటుగా ఇప్పిద్దామని దమయంతి గారు చూశారు గానీ కుదరలేదు.

ముందు వంటల పుస్తకం తీశారు. గుత్తి వంకాయ కూర నలుగురికి సరిపోతుందని ఉంది. లైబ్రరీ వరండాలో పొయ్యి పెట్టి, కొలతల ప్రకారం వండి, మా నలుగురికీ వడ్డించారు. నాకు అది మొదటి ముద్దకే సరిపోయింది. మిగతా ముగ్గురూ చూస్తూ కూర్చున్నారు. "ఈ గ్రంథం కల్పన" అని తేల్చి, దాన్ని కథల బీరువాలోకి మార్చేశారు.

తర్వాత వారంలో ఈత నేర్పే పుస్తకం. సన్యాసిరావు చేత రోజుకో అధ్యాయం కంఠతా పట్టించి, వారం కాగానే సముద్రంలోకి దింపారు. మునిగిపోయే ముందు కూడా అతను మూడో అధ్యాయం అప్పజెబుతూనే ఉన్నాడు. జాలర్లు వలేసి లాగారు. వలలో అతనితో పాటు ఓ పెద్ద వంజరం చేప కూడా పడింది. ఆ వంజరం నేనే వండించాను, అదైతే నలుగురికి సరిపోయింది. ఈత పుస్తకం కథల్లోకి పోయింది.

పాడి పశువుల పుస్తకం కోసం గేదెని తెచ్చి చదువుకునే గదిలో కట్టారు. గేదె నెమ్మదైన జంతువు అని రాసి ఉంది. అది నెమ్మదిగానే ఉంది. నెమ్మదిగా దినపత్రికలన్నీ తినేసి, నెమ్మదిగా వైకుంఠరావు గారి కండువా మొదలుపెట్టింది. "ఈ గ్రంథం నిజం" అని ఆయన కండువా రెండో కొస పట్టుకుని లాగుతూనే ప్రకటించారు.

భూమి గుండ్రంగా ఉందని ఒక పుస్తకంలో ఉంది. చుట్టూ తిరిగి చూసి రావడానికి ఆయన అనుమతి అడిగితే, పైవాళ్లు విశాఖపట్నం దాకా ఇచ్చారు. వెళ్లొచ్చి నివేదిక రాశారు: "విశాఖ వరకు బల్లపరుపుగానే ఉన్నది. తదుపరి భాగమునకు నిధులు మంజూరు చేయ ప్రార్థన."

"బావూ, నాను ఇమానంలో ఒచ్చినాను గదా. పైనుంచి సూసినాను" అంది మారిసెల్.

"అమ్మా, పాఠక లోకం లబ్ధిదారు. లబ్ధిదారు సాక్ష్యం చెల్లదు."

ఒక నాయకుడి ఆత్మకథ వచ్చింది. దాన్ని తెరవకుండానే అందరం ఏకగ్రీవంగా కథల బీరువా వైపు చెయ్యి చూపించాం.

అలా కథల బీరువా పొట్ట పగిలిపోతోంది. నిజాల బీరువాలో గేదె పుస్తకం ఒక్కటే ఒరిగి పడుకుంది. ఇలాగైతే సిఫారసు ఏం చేస్తామని వైకుంఠరావు గారికి దిగులు పట్టుకుంది. అప్పుడు దమయంతి గారు ఎగతాళికే అన్నారో ఏమో గానీ, "కల్పన అన్నవన్నీ కల్పనేనని ఎవరు నిర్ధారించారండీ?" అన్నారు.

ఆయన ముఖం వెలిగిపోయింది. నవలలు దింపారు. ఒకదాంట్లో అత్తాకోడళ్లు కూర మాడ్చిన సంగతి మీద కొట్టుకుంటారు. వీధి వీధీ తిరిగి విచారించాం. ప్రతి ఇంట్లోనూ నిజమేనని తేలింది. ఇంకోదాంట్లో పరీక్ష ముందు రోజు కరెంటు పోతుంది. అదీ నిజమే. నవలలన్నీ వరసగా నిజాల బీరువాలోకి ఎక్కాయి. పాఠక లోకం చేతిలో అత్తాకోడళ్ల నవల పెట్టి, "ఫిలిప్పీన్ పాఠకులకు ఇది మా సిఫారసు" అన్నారు.

మారిసెల్ ఆ నవలని తిరగేసి, "ఇది ఇంటికాడ రోజూ సదువుతన్నాను గదేటి బావూ. బిడ్డ పుస్తకం ఎక్కడ?" అంది.

చివరికి ఆ వంతు వచ్చింది. వైకుంఠరావు గారు సంచీలోంచి పుస్తకం తీసి, మొదటి పేజీ చదివి, తల పట్టుకున్నారు.

"ఇది పుట్టిన క్షణం నుంచి మొదలగుచున్నది. నిర్ధారణకు సరికొత్త బిడ్డ కావాలి. సంఘ సభ్యులలో ఎవరి వద్దనైనా ఉన్నదా?"

సన్యాసిరావు తన కొడుకు డిగ్రీ తప్పాడని చెప్పాడు.

"అయితే బిడ్డ లభించు వరకు పుస్తకం ఇవ్వరాదు."

మారిసెల్ కుర్చీలోంచి లేచింది. అంత కడుపుతో లేవడం చిన్న పనేం కాదు. "బిడ్డ కోసమే గదా బావూ పుస్తకం అడుగుతన్నాను! బిడ్డ పుట్టీసినాక ఇత్తే ఏటి సేసుకోను? ముందే సదువుకోవాల గదా!"

"ఆవేదన అర్థమగుచున్నది. కానీ పుస్తకం కావాలంటే బిడ్డ కావాలి."

"బిడ్డ కావాలంతే పుస్తకం కావాల!"

"పాఠక లోకంతో ఏకాభిప్రాయం కుదిరినట్లు నమోదు చేయండి" అన్నారాయన సన్యాసిరావుతో.

ఆ రోజు ఆటోలో ఆ అమ్మాయి ముఖం సముద్రం వైపు తిప్పుకుని కూర్చుంది. నేను ఓడ కెప్టెను కథ కొత్తగా చెప్పాను. ఈసారి టీతో పాటు బిస్కెట్లు కూడా పెట్టించాను. అయినా నవ్వలేదు.

బీరువా ప్రారంభోత్సవానికి పైనుంచి పెద్దాయన వస్తున్నాడని గుమ్మానికి మామిడాకులు కట్టారు. వేదిక మీద మధ్య కుర్చీలో పాఠక లోకాన్ని కూర్చోబెట్టి దండ వేశారు. పక్కనే ఎర్రయ్యమ్మ. వైకుంఠరావు గారు మైకు పట్టుకుని, "రెండు దేశముల మధ్య వారధి వంటి ఈ బీరువా" అన్నారో లేదో, మారిసెల్ కడుపు పట్టుకుంది.

"అత్తా! నొప్పులు!"

"ఓలమ్మో! ఒరే తవుడూ, ఆటో తీరా!" ఎర్రయ్యమ్మ అరిచిన అరుపుకి మైకు దానంతటదే ఆగిపోయింది.

వైకుంఠరావు గారు అడ్డం వచ్చారు. "పాఠక లోకం లేకుండా సభ ఎట్లా? పెద్దాయన దారిలో ఉన్నారు!"

"నువ్వు కంతావేటయ్యా ఇక్కడ? తప్పుకో!" అని ఎర్రయ్యమ్మ ఒక్క తోపు తోస్తే ఆయన వెళ్లి గేదె పుస్తకం పక్కన పడ్డారు. పడ్డవారు పడ్డట్టే ఉండి, ఒక్కసారిగా లేచి, "సరికొత్త బిడ్డ!" అని కేకేశారు. "సన్యాసిరావ్, సంచీ! జీపు!"

నా ఆటో ఆస్పత్రికి ఎంత జోరుగా పోయిందో చెప్పను, మీరెలాగూ నమ్మరు. మేం చేరిన కాసేపటికే జీపు కూడా వచ్చింది. పురుడు గది తలుపు బయట నేను, దమయంతి గారు, సన్యాసిరావు. నా చేతిలో మారిసెల్ ఫోను, దాంట్లో ఆ అమ్మాయి తల్లి. ఆవిడ ఏడుస్తూ ఏదో అడుగుతుంటే, నేను "వస్తాది అక్కా, వస్తాది" అంటున్నాను. ఆవిడకి అర్థమైందో లేదో, తలూపుతోంది. వైకుంఠరావు గారు తలుపుకి చెవి ఆనించి, మొదటి పేజీ తెరిచి, పెన్ను పట్టుకుని నిలబడ్డారు. మొదటి వాక్యం: బిడ్డ పుట్టగానే ఏడుస్తుంది.

లోపల ఏదో హడావిడి. తర్వాత చప్పుడు లేదు.

ఎదురుచూశాం. ఇంకా లేదు.

మారిసెల్ గొంతు వినపడింది. అచ్చం ఎర్రయ్యమ్మ గొంతులాగే ఉంది గానీ, ఎర్రయ్యమ్మ గొంతులో అంత భయం మేమెప్పుడూ వినలేదు. "ఏడట్లేదేటి? అత్తా, నా బిడ్డ ఏడట్లేదేటి?"

నేను వైకుంఠరావు గారి వంక చూశాను, ఇప్పుడు "అబద్ధం" అని రాసేస్తారేమోనని. ఆయన పెన్ను కింద పడిపోయి ఉంది. తలుపు మీద నుదురు ఆనించి, ఎప్పుడూ వినని భాషలో, "ఏడవమ్మా... ఏడు తల్లీ, ఒక్కసారి ఏడు" అంటున్నారు.

అప్పుడు లేచింది ఏడుపు. ఎర్రయ్యమ్మ మనవరాలి ఏడుపు! రేవులో పడవలు రెండు వెనక్కి తిరిగాయని తర్వాత తెలిసింది.

"మొదటి పేజీ నిజం!" అని వైకుంఠరావు గారు సన్యాసిరావుని కౌగిలించుకుని గిరగిరా తిరిగారు. కళ్లనిండా నీళ్లు. ఫోన్లో ఆవిడ ఏదో పాట అందుకుంది. దమయంతి గారు నవ్వుతూ ముక్కు తుడుచుకున్నారు.

అయితే పుస్తకం మాత్రం ఇవ్వలేదు. తక్కిన పేజీలు ఉన్నాయి కదా.

పేరు దగ్గర కూడా అమ్మమ్మా నానమ్మా ఫోన్లో యుద్ధం చేస్తే, చివరికి ఇద్దరి మాటా నిలబెట్టి నూకరోజా అని పెట్టారు. వైకుంఠరావు గారు రోజూ ఉదయం జీపులో ఎర్రయ్యమ్మ ఇంటికి డ్యూటీకొచ్చేవారు. బిడ్డ నవ్వుతుందని రాసిన పేజీ కోసం రోజంతా ముఖం వంకర్లు తిప్పి చూపించేవారు. లాలిపాటకి నిద్రపోతుందని ఉంటే, ఉత్తర్వుని రాగం తీసి పాడారు. బిడ్డ సంగతేమో గానీ సన్యాసిరావు నిద్రపోయాడు. గుడ్డలు తడుపుతుందన్న పేజీకి సాక్ష్యంగా ఆయన లాల్చీ తడిసింది. మెల్లమెల్లగా ఆయనే గుడ్డలు ఉతికి ఆరేయడం, బిడ్డని భుజాన వేసుకుని వీధి చివరిదాకా తిప్పడం మొదలెట్టారు.

"బావుగారూ, పేజీ అయిపోనాది, ఇక పిల్లని ఇటివ్వండి" అని ఎర్రయ్యమ్మ అంటే, "ఇంకొక పర్యాయము సరిచూడవలెను" అనేవారు.

మునగాకు కూర తింటే తల్లికి పాలు పడతాయని పుస్తకంలో ఉందట. అది ఒక్కటే నానమ్మా అమ్మమ్మా కూడా ఔనన్న సంగతి. ఆ రోజు ఫోన్లో ఇద్దరూ చెరో మునగ రెమ్మ ఊపుకున్నారు. పొట్ట గుడ్డ దగ్గర మాత్రం ఎవరూ తగ్గలేదు. ఆ పేజీ వైకుంఠరావు గారు చదవకుండానే దాటేశారు. గుడ్డ కట్టి ఒకసారి, ఆముదం రాసి ఒకసారి చూడాలంటే ఇద్దరు బిడ్డలు కావాలట. ఈలోగా మారిసెల్ తన దారి తను చూసుకుంది. ఫోను మోగగానే పిల్ల పొట్టకి వదులుగా గుడ్డ చుట్టేది, పెట్టేయగానే విప్పేది. పొద్దున్నే అత్త ఆముదం రాస్తే ఊరుకునేది. నూకరోజా రెంటికీ కేరింతలే.

పిల్లకి ఏడాది నిండిన రోజున సంఘం చివరిసారి కూర్చుంది. లైబ్రరీలో కాదు, ఎర్రయ్యమ్మ వాకిట్లో. దాటేసిన పేజీ పోను, చివరి పేజీలో ఒక్క వాక్యం తప్ప అంతా నిజమని తేలిందనీ, ఆ ఒక్కటీ పెండింగులో పెట్టి ఇస్తున్నాననీ ప్రకటించి, వైకుంఠరావు గారు బోసి నోటి పుస్తకాన్ని రెండు చేతులా పాఠక లోకానికి అందించారు. ఫోన్లో అమ్మమ్మ కూడా హాజరు.

మారిసెల్ తిన్నగా పొట్ట గుడ్డ పేజీ తీసింది. ఎర్రయ్యమ్మ చీర కొంగు బిగించింది. ఫోన్లో ఆవిడ ముందుకి వంగింది. మారిసెల్ కూడబలుక్కుని చదివింది:

"ఈ విషయమై మీ ఇంట్లోని పెద్దలను అడగండి."

తర్వాత మారిసెల్ ఆ ముక్కని వాళ్లమ్మకి వాళ్ల భాషలో చెప్పింది. ఇక చూడండి, "నాను గదా పెద్దదాన్ని!" అని ఎర్రయ్యమ్మ, ఫోన్లోంచి ఆవిడ, ఒకేసారి రెండు భాషల్లో ఒకటే మాట.

మారిసెల్ నవ్వాపుకోలేక పుస్తకం ఒళ్లో పడేసుకుంది. "ఇద్దరు పెద్దోలకీ పడదు గదా, మూడో పెద్దోల్ని అడుగుతాను. బావూ, ఏడాది బట్టీ ఈ ఇంట్లోనే ఉన్నారు. మీరు సెప్పండి. ఏటి సెయ్యాల?"

వైకుంఠరావు గారు గొంతు సవరించుకున్నారు. విషయం పరిశీలనలో ఉన్నదంటారని అందరం అనుకున్నాం. ఆయన పిల్ల వంక చూసి, "గుడ్డా వద్దు, ఆముదమూ వద్దమ్మా. పొట్ట మీద నోరు పెట్టి బుర్రుమని ఊదితే చాలు. పగలబడి నవ్వుతుంది. నేను రోజూ చూస్తున్నాను" అన్నారు. అని, తను మామూలు తెలుగులో మాట్లాడేసిన సంగతి తెలిసి కంగారుపడ్డారు.

అప్పుడే మారిసెల్ ఒళ్లో ఏదో చిరిగిన చప్పుడైంది. నూకరోజా పుస్తకం చివరి పేజీ పట్టి లాగి, ఉండ చేసి, నోట్లో పెట్టుకుని నములుతోంది.

"ఓసి గుంటా, ఊసీయే!" అని ఎర్రయ్యమ్మ వేలు పెట్టబోయింది.

వైకుంఠరావు గారు గంతేసి లేచారు. "నిజం! చివరి పేజీ కూడా నిజం! ఏడాది బిడ్డకు ఏది దొరికినా నోటిలో పెట్టుకొనును!" అని పిల్లని ఎత్తుకుని వీధంతా పరిగెత్తారు.

నేను చెప్పింది నమ్మకపోతే మూలరేవు లైబ్రరీకి వెళ్లి నిజాల బీరువా తెరిచి, గేదె పుస్తకం పక్కన చూడండి. మారిసెల్ తిరిగిచ్చిన బోసి నోటి పుస్తకం ఉంటుంది. చివరి పేజీ మాత్రం ఉండదు.